బజ్జికి పూసిన బర్రెల మందు

ఆళ్లగడ్డలో సంజీవయ్యకు భయమంటే ఏమిటో తెలియదని సగం ఊరు చెబుతుంది. ఆ సగం ఊరికీ చెప్పింది సంజీవయ్యే. నల్లమలలో ఎలుగుబంటి ఎదురుపడితే చెవి మెలిపెట్టి "ఇంటికి పో" అన్నాడట. అది పోయిందట. పోతూ పోతూ వెనక్కి తిరిగి దండం కూడా పెట్టిందట. మొదట్లో ఆ దండం లేదు. ఏడాదికేడాది కథ పెరిగేకొద్దీ ఎలుగుబంటికి మర్యాద కూడా పెరుగుతూ వచ్చింది.

అట్లాంటి మనిషి ఆ వేళ పొద్దున్నే బర్రెల కొట్టంలో, దాణా మూటల వెనక, పెళ్లాం కంట పడకుండా గొంతుక్కూర్చుని ఒక పిల్లిని బతిమాలుతున్నాడు.

"కదలాకు బజ్జీ. మా యమ్మ గదా. రోంతసేపు. నీ మంచికే గదా నేను చేస్తాండేది."

బజ్జి ఎర్రపిల్లి. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీలు అమ్మే బండి కింద పిల్లగా ఉన్నప్పుడు దొరికింది. రంగు కూడా అప్పుడే నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జీ రంగు. అందుకని ఆ పేరు. ఎలుకల కోసం పెట్టుకున్నానని సంజీవయ్య అందరికీ చెబుతాడు. అది ఎలుకను పట్టగా చూసినవాడు ఊళ్లో లేడు. రాత్రి ఆయన కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకోవడం, పొద్దున్నే ఆయన మీసం మీద కాలు వేసి లేపడం, ఈ రెండే దాని ఉద్యోగం.

ఎండలు ముదిరినప్పటి నుంచి దానికి ఒకటే గోకుడు. తోక మొదట్లో వెంట్రుకలు రాలిపోయి చర్మం బయటపడింది. మెడ మీద చెయ్యి పెడితే కొర్రగింజలు చల్లినట్టు పొక్కులు తగులుతాయి. అన్నం ముందు కూర్చుని కూడా నాలుగు మెతుకులు తిని, ఎవరో సూదితో పొడిచినట్టు గిర్రున తిరిగి నడుము కొరుక్కుంటుంది. నాకి నాకి పొట్ట కింద నున్నగా బోడి చేసుకుంది.

ఇంట్లో పిల్లి ఒక్కటే ఉన్నన్నాళ్లు అదొక పెద్ద సంగతి కాలేదు. కానీ కూతురు ఇంద్రజ కాన్పుకు వచ్చింది. ఇప్పుడింట్లో బాలింత, ఉయ్యాలలో బిడ్డ. సంజీవయ్య భార్య ఉమామహేశ్వరమ్మ ముందురోజు మాపున అన్నం వడ్డిస్తూ తీర్పు చెప్పేసింది.

"ఆ గజ్జిపిల్లి పసిబిడ్డ ఉండే ఇంట్ల ఉండేదానికి లేదు. ఎల్లుండి నాపరాళ్లకని బేతంచెర్లకు ట్రాక్టర్ పోతాంది గదా, గోతంలో ఏసి ఆడ గనుల కాడ ఇడిసిపెట్టి రమ్మని చెప్పు."

ఆ వైపు పిల్లిని వదిలించుకునే పద్ధతి అదే. గోతంలో వేసి, మూతి కట్టి, దారి గుర్తుపట్టకుండా గిరగిరా తిప్పి, పొలిమేరలు దాటించి వదలడం. అయినా తిరిగొచ్చిన పిల్లులున్నాయి. ఒక పిల్లి అయితే తనను వదలడానికి పోయిన మనిషికంటే ముందే ఇల్లు చేరి, ఇంత ఆలస్యమైందేమని గుమ్మంలో నిలబడి అడిగిందట. కానీ గనుల దగ్గర లారీలు, ట్రాక్టర్లు, రాళ్ల దుమ్ము. అక్కడి నుంచి ఏ పిల్లీ తిరిగి రాదని సంజీవయ్యకు తెలుసు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. పైకి మాత్రం "అట్లనే లే, పీడ పోతాది" అన్నాడు.

అందుకే ఇప్పుడు కొట్టంలో ఈ దొంగ వైద్యం. ట్రాక్టరు కదిలేలోగా పిల్లికి గోకుడు పోవాలి.

గూట్లో పిడుదుల మందు సీసా ఉంది. బర్రెలకు పిడుదులు పడితే ఆ మందును మూతెడు తీసి, బొక్కెన నీళ్లలో కలిపి, గుడ్డతో ఒళ్లంతా రుద్దుతారు. మర్నాటికి పిడుదులు రాలి పడి ఉంటాయి. బర్రె నెమరు వేసుకుంటూ ఉంటుంది. సంజీవయ్య దానికొక లెక్క కట్టాడు. బర్రెకు బొక్కెనడైతే పిల్లికి చుక్క. ఇక నీళ్ల సంగతి. పిల్లికి నీళ్లంటే పడదు. పడనిదాన్ని కలపడం ఎందుకు? కాబట్టి నీళ్లు కలపకుండానే మందు వేలికి అంటించుకుని మెడ నుంచి తోక దాకా రుద్దాడు. చుక్కతో ఆగాడా అంటే, ఆగలేదు. పని గట్టిగా కావాలి కదా. ఇంకో వేలు, ఇంకో వేలు.

బజ్జి ఆఖరి వేలిని వదల్లేదు. బొటనవేలి మొదట్లో పంటి గాటు దింపి, ముంజేతి మీద నాలుగు గీతలు గీసి, మూటల మీదుగా ఎగిరి పోయింది.

"పో, పో. రేపు నువ్వే దండం పెడతావ్," అని నవ్వుకుని, రక్తం కారే వేలికి తువాలు చుట్టుకుని, పాలక్యాను తీసుకుని పాలకేంద్రానికి పోయాడు.

అక్కడ ఎవరితోనో ఎలుగుబంటి మాట వచ్చింది. పొద్దెక్కి తిరిగొచ్చేసరికి వాకిట్లో జనం.

బట్టలుతికే బండ పక్కన బజ్జి. మొదట ఆయనకు అది బజ్జి అని అనిపించలేదు. చెవులు ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు టపటపా కొట్టుకుంటున్నాయి. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు వణుకుతున్నాయి. నోటి నుంచి చొంగ తీగలు తీగలుగా కారి నేల తడిసింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ దేన్నీ చూడడం లేదు. నలుపు నిండిపోయి రెండు బావుల్లా ఉన్నాయి.

ఉమామహేశ్వరమ్మ దూరం నుంచి కట్టెతో నీళ్ల గిన్నెను దాని ముందుకు తోసింది. గిన్నె బండకు తగిలి ఖణేలుమంది. పిల్లి గాల్లోకి లేచి, వెనక్కి పడి, లేవబోయి మళ్లీ పడింది.

"నీళ్లు సూసి బెదిరింది!" అని పక్కింటి ఓబులమ్మ కేక పెట్టింది. "దానికి పిచ్చి పట్టినాది! నేను సెప్పలా? చొంగ సూడు, ఆ చొంగ! కొట్టి సంపండప్పా, ఏం సూస్తాండారు?"

ఆమె చేతిలో దుడ్డుకర్ర ఉంది. ఇంకో ఇద్దరి చేతుల్లోనూ ఉన్నాయి.

సంజీవయ్య వాళ్లకూ పిల్లికీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. వచ్చాక గానీ, ఇప్పుడు పిల్లికి అందరికంటే దగ్గరగా ఉన్నది తానేనని ఆయనకు తట్టలేదు. తువాలు లోపల బొటనవేలు టపటపా కొట్టుకుంది. పిచ్చి పట్టిన పిల్లి కరిచింది. 

సగం మూసిన తలుపు వెనక ఇంద్రజ బిడ్డను రొమ్ముకు అదుముకుని నిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తురు లేదు.

"నాయనా," అంది. "నిన్న మాపున ఉయ్యాల్లోకి దూరి బిడ్డ కాలు నాకింది నాయనా. నేను నవ్వుకుంటా సూస్తా ఉన్నా."

 కట్టెలు పట్టుకున్నవాళ్లు కూడా తలుపు వైపు చూశారు.

వేలు సంగతి చెబుదామని నోరు తెరిచిన సంజీవయ్య మళ్లీ మూసుకున్నాడు. బిడ్డ కాలి పక్కన తన వేలు ఏపాటి? బర్రెల మందు సంగతి అయితే ఆయనకు గుర్తు కూడా రాలేదు. మందు అంటే నయం చేసేది. ఇది పిచ్చి. రెంటికీ ఏం సంబంధం?

మొదట తేరుకున్నది ఉమామహేశ్వరమ్మే. "కర్రలు దించండి. దాన్ని సంపితే నా మనమరాలికి సూదులు ఏయించాల్నో వద్దో ఎవురు సెప్తారు? పిచ్చో కాదో డాక్టరు సూడాల. మన ఊరి డాక్టరు టీకాలని పల్లెలు పట్టుకుని పోయినాడు. నంద్యాలకు పోదాం. ఏందయ్యా, అట్ల నిలబడినావ్? కోళ్లగంప తీసుకురా!"

గంప బోర్లించి, కింద నుంచి గోతం జొనిపి, తాడుతో కట్టి, ఎట్లాగో ఎత్తారు. లోపల గంప తడిక మీద గోళ్లు గీసుకుపోతున్న చప్పుడు ఆగలేదు.

వీధి మలుపులో మాబాషా ఆటో దొరికింది. మాబాషా సంజీవయ్యకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. గంపలో ఏముందో విన్నాక తాళంచెవి మీద చెయ్యి తీసేశాడు.

"పిల్లి ఎదురొస్తేనే బండి ఆపి ఒక బీడీ కాల్చి పోతాను అన్నా. నువ్వు పిల్లిని బండి లోపలికే ఎక్కిస్తాంటివి. అందులోనూ పిచ్చిది."

"ఎదురొస్తే గదరా అపశకునం," అంది ఉమామహేశ్వరమ్మ గంపతో సహా ఎక్కి కూర్చుంటూ. "ఇది మనతో పాటే వస్తాంది. బేగ పోనీ."

మాబాషాకు ఆ న్యాయం నచ్చిందో, ఆమె గొంతు చూసి జడిసాడో, బండి కదిలింది. కానీ వీపు సీటుకు ఆనించలేదు. హ్యాండిల్ మీదికి వంగి, మెడ కుదించుకుని, వెనక నుంచి ఏ క్షణాన పళ్లు దిగుతాయో అన్నట్టు నడిపాడు. భయం ఉన్నవాడికి నోరు ఊరుకోదు.

"మా మామ ఊర్లో ఒకాయన్ని ఇట్లనే పిచ్చిపిల్లి కరిసింది అన్నా. మూడు దినాలు బాగనే ఉన్యాడు. నాలుగో దినం పొద్దున సూస్తే మంచంలో లేడు. యాడుండాడు? దూలం మీద. నాలుగు కాళ్ల మీద కూసోని, ఎలకను సూస్తా ఉన్యాడు. పెండ్లాం పిలిస్తే మ్యావ్ అన్యాడు."

"నోరు మూసుకుని తోలు," అన్నాడు సంజీవయ్య.

మామూలుగా అయితే ఆ కథకు ఆయనే ఒక తోక తగిలించేవాడు. ఇప్పుడు నోరు ఎండిపోయింది. ఉమామహేశ్వరమ్మ నీళ్ల సీసా ఇచ్చింది. పిచ్చి కుక్క కరిచినవాడు నీళ్లు చూడలేడని ఆయనకు తెలుసు. సీసా ఎత్తి చూశాడు. లోపల నీళ్లు ఆటో కుదుపుకు ఊగుతున్నాయి. చూస్తుండగానే గొంతులో ఏదో గడ్డకట్టినట్టయింది. మూత తీశాడు. పెదవి దాకా తెచ్చాడు. గుటక పడలేదు. సీసా దించి, "దప్పిక లేదు" అని పక్కకు తిరిగి కూర్చున్నాడు. దారిలో శిరివెళ్ల ఊరు దాటేదాకా అట్లాగే రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. నిజంగా పట్టేసిందా? ఇంత తొందరగానా? మడమల మీద దురద పుట్టింది. గోక్కున్నాడు. ఇంకా దురద. పిల్లి కూడా ఇట్లాగే గోక్కునేది. ఆ ఆలోచన వచ్చాక గోకడం మానేసి చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

గంపలో గోళ్ల చప్పుడు సన్నబడింది. తర్వాత ఆగిపోయింది.

"సచ్చిందా?" అన్నాడు మాబాషా వెనక్కి తిరక్కుండా.

 ఉమామహేశ్వరమ్మ గంప మీద చెయ్యి పెట్టింది. తడికలోంచి వణుకు ఆమె అరచేతికి వచ్చింది. ఆమె చెయ్యి తియ్యలేదు.

నంద్యాల పశువుల ఆస్పత్రిలో డాక్టరు వందన చిన్న వయసు మనిషి. ముందు చేతులకు మందపాటి తొడుగులు వేసుకుంది. గంప తెరవకుండానే ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎప్పటి నుంచి ఇట్లా? ఎవరినైనా కరిచిందా?

"బిడ్డ కాలు నాకింది," అంది ఉమామహేశ్వరమ్మ.

"కాలి మీద పుండు, గీత ఏమైనా ఉందా?"

"లేదమ్మా, వెన్నముద్ద లెక్క ఉంటాది."

"అయితే నాకినందుకు భయం లేదు. ఇంకెవరినైనా?"

సంజీవయ్య తువాలు విప్పాడు. ఉమామహేశ్వరమ్మ ఆ గాటు చూసింది, ఆయన మొహం చూసింది. 

"ఎప్పుడు కరిచింది పెద్దాయనా?"

"పొద్దున."

"అప్పటికి ఈ వణుకుందా?"

"లేదు. బాగనే ఉండె."

"ఏం చేస్తుంటే కరిచింది?"

"ఊరికే... పట్టుకుంటే."

"దీనికి ఏమైనా పూశారా? పోశారా? ఎలుకల మందు లాంటిది ఏమైనా తినిందా?"

"లేదమ్మా," అన్నాడు సంజీవయ్య. అబద్ధం చెబుతున్నానని ఆయనకు నిజంగానే తెలియదు.

డాక్టరమ్మ గంప కట్టు కొంచెం వదులు చేసి లోపలికి చూసింది. చూస్తూ చూస్తూ ముక్కు ఎగబీల్చింది. ఇంకా వంగింది. కిరసనాయిలు లాంటి ఘాటు గుప్పుమంది.

"ఈ వాసనేంది?"

"ఏ వాసన? ఓ, అదా? అదేం లేదమ్మా, రోంత పిడుదుల మందు. బర్రెలకు పూసేది. గోక్కుంటాందని మెడకూ నడుముకూ రుద్దినా. బర్రెలకు ఏండ్లుగా వాడతాండాం, ఏం కాదు."

"నీళ్లలో కలిపారా?"

"పిల్లికి నీళ్లు పడవు గదమ్మా."

డాక్టరమ్మ అరనిమిషం ఆయన్ను చూసింది. తర్వాత లోపలికి తిరిగి గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు తెమ్మని కేకేసింది.

"పిచ్చి కాదు పెద్దాయనా. విషం. ఆ మందును బర్రె ఒళ్లు అరిగించుకుంటుంది, కుక్క అరిగించుకుంటుంది. పిల్లి అరిగించుకోలేదు. దాని ఒంటి తీరే అంత. అందులో నీళ్లు కలపనిది, అది నాక్కుంటుంది కూడా. నరాలు పట్టేస్తుంది."

పిచ్చి కాదు. బిడ్డకు ఏమీ కాదు. తనకూ కాదు. సంజీవయ్య గుండె మీది బండ లేచింది. ఒక్క తుమ్ము తుమ్మినంతసేపు లేచే ఉంది. ఆ వెంటనే ఇంకా పెద్ద బండ వచ్చి పడింది. పిచ్చి అయితే ఏ కుక్కో, ఏ నక్కో తెచ్చి ఉండేది. దీన్ని తెచ్చింది తనే. ఒక వేలు కాదు, ఇంకో వేలు, ఇంకో వేలు.

"బతుకుతాదా అమ్మా?"

"ఇప్పుడే చెప్పలేను. పట్టుకోండి."

మత్తుసూది వేశాక, తొట్టిలో డాక్టరమ్మా సంజీవయ్యా కలిసి దాన్ని కడిగారు. తడిసిన పిల్లి పిడికెడు అయిపోయింది. ఇన్నాళ్లూ ఇంత ఒంటినిండా వెంట్రుకలే ఉన్నాయా అనిపించేంత చిన్నది. ఆయన చేతుల్లో దాని పక్కటెముకలు వీణ తీగల్లా వణుకుతున్నాయి. సబ్బు నురగ నల్లబడింది. డాక్టరమ్మ తోక దగ్గర నుంచి నల్లటి నలుసులు కొన్ని తీసి తడి దూది మీద పెట్టి చూపించింది. నలుసు చుట్టూ ఎర్రగా పాకింది.

"చూశారా, ఇది మట్టి కాదు. ఎగిరే పేలు తాగిన రక్తం, వాటి రెట్ట. మీకు పేలు కనబడవు, పిల్లి నాకి మింగేస్తుంది. దీని ఒంటికి ఆ పేను ఉమ్ము పడదు. ఒక్కటి కుట్టినా చాలు, రోజుల తరబడి ఒళ్లంతా మంట. గజ్జి కాదు ఇది."

"ఒక్క పేనుకు ఇంతనా?" అంది ఉమామహేశ్వరమ్మ.

"పేలు చాలానే ఉన్నాయమ్మా, కానీ ఒక్క కాటే చాలు. ఇది ఎక్కడ పడుకుంటుంది?"

"పగలంతా దాణా మూటల మీద."

"పేలలో ఎక్కువ భాగం అక్కడే ఉంటాయి. గుడ్లు, పిల్లలు, అన్నీ ఆ గోతాల్లో, దుమ్ములో. పిల్లికి ఎంత మందు వేసినా ఇల్లు శుభ్రం చెయ్యకపోతే మళ్లీ ఎక్కుతాయి. మనుషుల్ని కూడా మడమల దగ్గర కుడతాయి."

సంజీవయ్య తన మడమలు చూసుకున్నాడు. ఎర్రటి దద్దుర్లు వరసగా ఉన్నాయి. ఇంకో రోజైతే ఆ మడమల మీద ఆయనే పెద్ద కథ అల్లేవాడు.

ఉమామహేశ్వరమ్మ కొంగు తీసి పిల్లిని తుడిచి, చుట్టి, ఒళ్లో పెట్టుకుంది. మత్తులో కూడా దాని కాలు ఉండుండి తన్నుకుంటోంది.  తర్వాత తల ఎత్తకుండానే అంది.

"నేను బేతంచెర్లకు పంపుదామన్నా. నువ్వు యాడికి పంపాలనుకున్నావయ్యా?"

సంజీవయ్య గోడ వైపు తిరిగాడు.

"పిల్లిని సంపిన పాపానికి బంగారు పిల్లిని చేయించి కాశీలో ఇడిసినా పోదంటారు," అంది మళ్లీ. అది తిట్టు కాదు. ఆమెకూ భయంగానే ఉంది.

"నేను సంపాలని సేసినానా?" అన్నాడు. "నువ్వు పంపేస్తావని సేసినా."

ఆమె అప్పుడు ఆయన వైపు చూసింది. పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది.

డాక్టరమ్మ పిల్లిని ఆ రాత్రికి ఆస్పత్రిలోనే ఉంచుకుంది. తాను చూసుకుంటానని, రేపు ఫోను చేస్తానని చెప్పింది. బయట తిరిగే పిల్లి కాబట్టి కరిచినందుకు గాటు సబ్బుతో బాగా కడిగి, టీకాలు మాత్రం వేయించుకుని తీరాలని సంజీవయ్యను పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ సూది చూసి ఆయన కళ్లు మూసుకున్నాడని ఉమామహేశ్వరమ్మ ఇప్పటికీ అంటుంది. ఆయన ఒప్పుకోడు. ఎండకు మూసుకున్నానంటాడు.

ఇల్లు చేరాక ఇంద్రజకు అంతా చెప్పారు. ఆ పిల్ల బిడ్డ కాలు పట్టుకుని కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే, "మళ్ల బజ్జి?" అని అడిగింది. "రేపు డాక్టరమ్మ ఫోను చేస్తాదంట," అంది ఉమామహేశ్వరమ్మ.

మర్నాడు పొద్దున్నే సంజీవయ్య కొట్టంలో పడ్డాడు. దాణా మూటలన్నీ ఎండలోకి ఈడ్చాడు. పాత గోతాలను తగలబెట్టాడు. బజ్జి పడుకునే చింకి దుప్పటిని కాగిన నీళ్లలో ఉడకబెట్టాడు. నేల మూల మూలా ఊడ్చి, ఊడ్చిన దుమ్మును కూడా మంటలో వేశాడు. ఆ పని ఎవరి కోసం చేస్తున్నాడో ఆయనకే తెలియదు. పిల్లి లేకపోతే ఇదంతా ఎందుకు? అయినా చేతులు ఆగితే కళ్ల ముందు ఆ వణికే చెవులు వస్తాయి. అందుకని చీపురు ఆపలేదు. ట్రాక్టరువాడు వచ్చి "పిల్లిని ఎక్కిస్తాండారా అన్నా?" అని అడిగితే చీపురు ఎత్తాడు. వాడు మారు మాట్లాడకుండా బేతంచెర్ల దారి పట్టాడు.

ఫోను మోగింది.

అది అరుగు మీద ఉంది. సంజీవయ్య దాని దాకా పోయాడు. తెర మీద నంబరు చూశాడు. చెయ్యి చాచాడు, వెనక్కి తీసుకున్నాడు. మోగుతోంది. ఆగిపోతే? ఆగిపోతే ఇంకాసేపు తెలియకుండా ఉండొచ్చు. తెలియనంతసేపు అది బతికే ఉంటుంది.

"ఎత్తు!" అని లోపల నుంచి కేక వచ్చింది.

"నువ్వే ఎత్తు," అన్నాడు. అని, అక్కడ నిలబడలేక కొట్టంలోకి పోయి బర్రె మెడ మీద నుదురు ఆనించి నిలబడ్డాడు. బర్రె నెమరు వేస్తోంది. ఆ దవడల చప్పుడు తప్ప ఇంకేదీ వినకూడదనుకున్నాడు. కానీ చెవులు మాట వినలేదు. ఉమామహేశ్వరమ్మ "ఆఁ... ఆఁ..." అంటోంది.  తర్వాత ఆమె అడుగులు. కొట్టం గుమ్మంలో ఆగాయి.

ఆయన తిరగలేదు.

"డాక్టరమ్మ సెయ్యి గీరిందంట," అంది. "సూది ఏయబోతే లేసి గీరిందంట."

సంజీవయ్య నుదురు బర్రె మెడ మీదే ఉంది. భుజాలు మాత్రం కదిలాయి. ఆమె చూడనట్టు బొక్కెన సర్దింది.

బజ్జి ఇంటికి వచ్చింది, కానీ వచ్చినది వచ్చినట్టు లేదు. నడిస్తే పక్కకు తూలింది. సంజీవయ్య చెయ్యి చాస్తే వాసన చూసి, చెవులు వెనక్కి వేసి, ఉమామహేశ్వరమ్మ చీర కుచ్చెళ్ల వెనక్కి దూరింది. రాత్రి ఆయన కాళ్ల దగ్గరికి రాలేదు. ఆయన ఎన్ని సార్లు సబ్బుతో చేతులు రుద్దుకున్నాడో! దానికి ఇంకా ఆ వాసనే తగిలింది.

అంతటితో అయిపోలేదు. పేల మందు మళ్లీ వెయ్యాలి. డాక్టరమ్మ పిల్లులకని ప్రత్యేకంగా ఉండే చిన్న గొట్టం మందు ఇచ్చింది. పిల్లి బరువు చూసి ఇచ్చింది. బాగా తేరుకున్నాక ఫలానా రోజున, నాలుకకు అందని చోట, మెడ వెనక వెయ్యమంది. నెలనెలా వెయ్యాలంది.

ఆ రోజు దగ్గరపడేకొద్దీ సంజీవయ్యకు నిద్ర తగ్గింది. గొట్టాన్ని గూట్లోంచి తీసి చూస్తాడు, మళ్లీ పెడతాడు. డాక్టరమ్మకు ఫోను చేసి ఇది పిల్లిదేనా అని అడిగాడు. పిల్లిదే అంది. మళ్లీ చేసి, ఎర్రపిల్లులకు కూడా పనికొస్తుందా అని అడిగాడు.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం ఉమామహేశ్వరమ్మ బజ్జిని ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు ఏస్తావా?"

"నా వల్ల కాదు."

ఆమె మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి గొట్టం నొక్కింది. బజ్జి కిందికి దూకి, మెడ విదిలించి, ఉయ్యాల కింద చల్లగా ఉన్న చోట పడుకుంది. కళ్లు మూసుకుంది.

సంజీవయ్య దానికి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దాని పొట్ట లేస్తోంది, పడుతోంది. మీసం ఒకటి కదిలింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. కల వచ్చినట్టుంది, అంతే. కాలు చాపింది. ఆయన మోకాళ్ల మీద లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

"నాయనా, అది నిద్రపోతాంది," అంది ఇంద్రజ ఉయ్యాల ఊపుతూ.

"నిద్రే అని నీకెట్ల తెలుసు?"

ఉమామహేశ్వరమ్మ కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "కూడు తినయ్యా, సల్లారిపోతాది."

"తింటా లే. అది లేసినాక తింటా."

పప్పు చల్లారింది. అన్నం మీద ఈగ వాలింది, ఆయన తోలాడు. పిల్లి మీద వాలిన ఈగను కూడా తోలబోయి, నిద్ర చెడుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎండ గుమ్మంలోంచి జరిగి జరిగి గోడ ఎక్కింది. ఆయన కదలలేదు.

పొద్దుగూకే వేళకు బజ్జి కళ్లు తెరిచింది. ముందుకాళ్లు చాపి, నడుము వంచి, ఒళ్లు విరుచుకుంది. నాలుగు కాళ్లూ నిలకడగా నేల మీద పెట్టి నడిచి వచ్చింది. సంజీవయ్య ముందున్న కంచం దాకా వచ్చి, చల్లారిన పప్పన్నాన్ని వాసన చూసి, ఇది తనకు తగదనుకుని, తోక ఎత్తుకుని పెరట్లోకి వెళ్లింది.

అప్పుడాయన అన్నం కలుపుకున్నాడు.